వెన్ను చూపే విద్య

తెలుగువాళ్ళకి వెన్ను చూపడం అంటే గిట్టదు. బొబ్బిలిలో అయినా పలనాడులో అయినా రొమ్ము చూపినవాళ్ళకే మనవాళ్ళు కథలు కట్టారు. వెనక్కి తిరిగినవాడి పేరు కూడా మిగల్చలేదు. అంతర్జాతీయ క్రీడోత్సవాల్లో వాలంటీరుగా పనిచేద్దామని ఉత్సాహంగా విదేశాలకి బయలుదేరే మన కుర్రకారుకి అసలు విషయం ఎవరూ ముందుగా చెప్పకపోవడానికి బహుశా కారణం ఇదే. ఆ కొలువులో ముప్పాతిక మువ్వీసం వెన్ను చూపడమే. ఎనభై వేలమంది ఒక వైపు చూస్తుంటే రెండో వైపు చూస్తూ నిలబడేవాణ్ణి వాలంటీరు అంటారు. 2022 డిసెంబరు 18న ఖతార్‌లో, లుసైల్ స్టేడియంలో, మెస్సీ రెండు గోల్స్ కొట్టాడు, ఎంబాపె మూడు కొట్టాడు, ఆట 3-3 దగ్గర తెగక పెనాల్టీల దాకా పోయింది. భూమ్మీద టీవీ ఉన్న ప్రతివాడూ చూశాడు. అదే సమయానికి బయట గేట్ల దగ్గరా, మెట్రో మెట్ల దగ్గరా, బస్సులు ఆగే చోటా నిలబడ్డవాళ్ళకి దక్కింది గోల్ కాదు, గోల. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఈ కొలువు కోసం మన పిల్లలు చేసుకునే సన్నాహమంతా ప్రేక్షకుడి సన్నాహం. కావలసింది వేరు. అందులో సగం మనకి పుట్టింట్లోనే అబ్బింది, మిగతా సగం మన ఒంటికి బొత్తిగా పడదు.

ముందు సూట్‌కేసు తెరిచి చూద్దాం. పైన అభిమాన జట్టు జెర్సీ ఉంటుంది. దాన్ని వేసుకునే అవకాశం రాదు, ఎందుకంటే నిర్వాహకులిచ్చిన యూనిఫాం తప్ప ఒంటి మీద మరొకటి కనపడకూడదు. దాని కింద సెల్ఫీ కర్ర. లండన్‌లో 2012 ఒలింపిక్స్ వాలంటీర్లకి ఇచ్చిన సూచనల్లో తెర వెనక ఫోటోలు తీసి లోకానికి పంచవద్దని, ఎక్కడ పనిచేస్తున్నదీ, ఏ ప్రముఖుణ్ణి చూసిందీ సోషల్ మీడియాలో చాటవద్దని ఉంది. అంటే అక్కడికి ఎందుకు వెళ్తున్నామని మనం అనుకుంటామో అదే చేయకూడదన్నమాట. దాని కింద ఆటోగ్రాఫ్ పుస్తకం. ఆటగాళ్ళని సంతకం అడగడం కూడా నిషిద్ధమే. అడుగున ఆవకాయ సీసా. పెట్టె మొత్తంలో సమర్థించదగ్గ వస్తువు అదొక్కటే. ఇక చదువు సంగతి: ఆఫ్‌సైడ్ నియమం బట్టీ పట్టేవాళ్ళున్నారు, ఫోన్‌లో ఫ్రెంచి పాఠాలు పెట్టుకుని తనకి రెండు ఆపిల్ పళ్ళు కావాలని ధారాళంగా చెప్పగలిగే స్థాయికి చేరుకునేవాళ్ళున్నారు. వాలంటీరుని ఆఫ్‌సైడ్ గురించి ఎవరూ అడగరు. అడిగేది మరుగుదొడ్డి ఎటు అని. ఆ ప్రశ్న ఏ భాషలో అడిగినా ముఖం చూస్తేనే అర్థమైపోతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళకి నచ్చజెప్పడం మరో ఘట్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15 నుంచి కొన్నేళ్ళపాటు వాలంటీరు అంటే ఒకటే అర్థం: యాభై ఇళ్ళకొకరు చొప్పున, ఒకటో తారీఖు తెల్లారకుండానే తలుపు తట్టి పింఛను చేతిలో పెట్టే మనిషి. కాబట్టి మనవడు పారిస్‌లో వాలంటీరుగా కుదిరాడంటే, "అక్కడా ఒకటో తారీఖునే ఇస్తార్రా?" అని బామ్మ అడిగితే తప్పు పట్టడానికి లేదు. పైగా ఊళ్ళో వాలంటీరుకి నెలకి ఐదువేలు గౌరవ వేతనం ఉండేది. పారిస్ వాలంటీరు తన దారి ఖర్చు, బస ఖర్చు తనే పెట్టుకోవాలి. ఇది విన్నాక బామ్మ వేసే రెండో ప్రశ్నకి ఒలింపిక్ కమిటీ దగ్గర కూడా జవాబు ఉండదు. అయినా జనం ఎగబడతారు. లండన్‌లో 70 వేల స్థానాలకి 2 లక్షల 40 వేలమంది దరఖాస్తు పెట్టారు. 2024లో పారిస్‌కి కావలసింది 45 వేలమంది, అడిగినవాళ్ళు 3 లక్షల పైచిలుకు. ఖతార్‌లో 20 వేలమందికి 4 లక్షల 20 వేలు, అంటే ఒక్కో చోటుకి ఇరవైఒక్కమంది. గ్రూప్ టూ పరీక్ష రాసేవాళ్ళకి ఈ లెక్క చూస్తే నవ్వొస్తుంది గానీ, గ్రూప్ టూలో నెగ్గితే జీతం మొదలవుతుంది, ఇక్కడ నెగ్గితే ఖర్చు మొదలవుతుంది.

ఇంత పోటీలో నెగ్గి చేసే పని ఏమిటయ్యా అంటే, దారి చూపడం, క్యూ నిలబెట్టడం, గుర్తింపు కార్డులు చూడటం, కార్లు నడపడం, దుబాసీగా ఉండటం. పరుగు పందేనికి ముందు అథ్లెట్లు విప్పిన ట్రాక్‌సూట్లు పడే బుట్టలు మోసే పని కూడా ఒకటుంది. బుట్ట నిండగానే వరుసగా వెనక్కి తిరిగి నడిచిపోవాలి. లండన్‌లో బోల్ట్ వంద మీటర్లు 9.63 సెకన్లలో ముగించాడు. బుట్ట పట్టుకుని నాలుగడుగులు వేసేలోగా చరిత్ర అయిపోతుంది. వీటన్నిటిలోకీ నాకు మహా గౌరవం కలిగించే ఉద్యోగం మాత్రం డోపింగ్ పరీక్ష దగ్గర తోడు ఉండేవాళ్ళది. ఆట ముగియగానే విజేత దగ్గరికి వెళ్ళి, మీరు పరీక్షకి రావాలని చెప్పి, ఆ క్షణం నుంచి పరీక్ష గదికి చేరేదాకా వాళ్ళని రెప్పవాల్చకుండా కనిపెట్టుకుని ఉండాలి. పతకం పుచ్చుకున్నా, టీవీ వాళ్ళతో మాట్లాడినా, కోచ్‌ని పట్టుకుని ఏడ్చినా, మూడడుగుల దూరంలో మన పిల్లవాడు నీడలా ఉండాలి. నమూనా కనీసం 90 మిల్లీలీటర్లు కావాలి. ఒంట్లో నీరంతా చెమటగా కార్చేసిన మనిషి ఆ 90 మిల్లీలీటర్లు సమకూర్చుకోవడానికి గంటలు పట్టొచ్చు. (అది ఎంత పరిమాణమో టీ కొట్టు గ్లాసుతో పోల్చి చెప్పగలను గానీ చెప్పబుద్ధి కావడం లేదు.) ఆ గంటలన్నీ మనవాడూ అక్కడే కూర్చుంటాడు. తిరిగొచ్చాక, ప్రపంచ విజేతతో మూడు గంటలు గడిపానని చెప్పుకుంటే అందులో అక్షరం అబద్ధం ఉండదు. ఏం మాట్లాడుకున్నారని అడక్కపోతే చాలు.

ఇప్పుడు మన బలం చూద్దాం. ఇంత శ్రమపడి పారిస్ వాళ్ళు పెద్ద హాళ్ళలో శిక్షణ పెట్టి నేర్పేది, లండన్‌లో మెక్‌డొనాల్డ్స్ కంపెనీ పూనుకుని నేర్పినది, ఆడపెళ్ళివారింట్లో పుట్టిన ప్రతి కుర్రాడికీ పదిహేనేళ్ళు నిండకుండానే వచ్చేస్తుంది. పెళ్ళికూతురి పినతల్లి కొడుకుని తీసుకోండి. విడిదిలో వేణ్ణీళ్ళు ఇతని పూచీ. మగపెళ్ళివారిలో పంచదార వద్దన్న పెద్దాయన ఎవరో, రెండు చెంచాలు తగ్గితే అలిగే పెద్దాయన ఎవరో ఇతనికే తెలుసు. మొదటి బంతిలో ఎవరు కూర్చోవాలో, ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెట్టకూడదో ఇతని బుర్రలో ఉన్నంత స్పష్టంగా ఒలింపిక్ ప్రోటోకాల్ పుస్తకంలో కూడా ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి జనరేటర్‌లో డీజిల్ కోసం పరుగెడతాడు. మంగళసూత్రం కట్టే వేళకి వంటశాలలో గ్యాసు బండ మారుస్తుంటాడు. గట్టిమేళం వినపడుతుంది, చేతిలో అక్షింతలు లేకపోయినా తల పైకెత్తి ఓ దండం పెట్టి మళ్ళీ బండ బిగిస్తాడు. మూడో బంతిలో, గారెలు అయిపోయాక, భోంచేస్తాడు. పెళ్ళి చూసేది నెల తర్వాత వీడియోలో, అందులోనూ మూడుచోట్ల అతని వీపు కనపడుతుంది. ఇంతకన్నా నిండైన వాలంటీరు శిక్షణ ఏ దేశంలో ఉంది?

ఇదంతా బంధుత్వం కొద్దీ చేసే చాకిరీ, పరాయివాళ్ళకి ఇలా చేస్తామా అని ఎవరైనా అడగొచ్చు. చేస్తాం. తిరుమలలో శ్రీవారి సేవ 2000 సంవత్సరంలో మొదలైంది. మెడలో నారింజ రంగు కండువా వేసుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు క్యూ కాంప్లెక్సుల్లో ముక్కూమొహం తెలియని భక్తులకి మంచినీళ్ళిస్తారు, అన్నప్రసాదం వడ్డిస్తారు, దారి చూపిస్తారు. కొండకి వెళ్ళి, దర్శనానికి మిగతావాళ్ళని ముందు పంపి, తమ వంతు చివరికి పెట్టుకోవడం అంటే మాటలు కాదు. దేవుడి విషయంలోనే అంత నిగ్రహం చూపగలిగిన జాతికి ఫుట్‌బాల్ ఒక లెక్కా?

లెక్కే, ఒక్క విషయంలో. దారి చెప్పడంలో మనకో పురాతన జబ్బు ఉంది. అడిగినవాడికి తెలియదని చెప్పడం మన మర్యాదకి లోపం. కోఠీలో నిలబడి ఓ చిరునామా అడిగితే ముగ్గురు మూడు దిక్కులు చూపిస్తారు, ముగ్గురూ మంచివాళ్ళే. తెలియకపోయినా సాయం చేయకుండా ఉండలేని మంచితనం అది. "ఇలా తిన్నగా వెళ్ళండి, అక్కడ ఎవర్నడిగినా చెబుతారు" అన్న మాటకి అర్థం తనకి తెలియదని. కానీ ఆ మాట అనకుండా ఆ అర్థం చెప్పడం మన భాష గొప్పతనం. దూరం అడిగితే "పక్కనే" అంటాం. తెలుగులో పక్కనే అన్నది కొలత కాదు, ఓదార్పు. ఊళ్ళో అయితే ఈ ఓదార్పు వల్ల మహా అయితే నాలుగు వీధులు ఎక్కువ తిరుగుతాం. స్టేడియం దగ్గర అలా కాదు. ఉత్తరం గేటుకి వెళ్ళాల్సినవాణ్ణి దక్షిణం గేటుకి పంపితే, ఆ జనసముద్రం చుట్టి వచ్చేసరికి సగం ఆట అయిపోతుంది. ఊహించి పనిచేస్తే ఏమవుతుందో లండన్ క్రీడల్లో, ఆరంభోత్సవానికి ముందే పోటీలు మొదలైన మొదటి రోజే తేలింది. 2012 జూలై 25న గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్కులో ఉత్తర కొరియా మహిళల ఫుట్‌బాల్ జట్టుని పరిచయం చేస్తూ తెర మీద దక్షిణ కొరియా జెండా చూపించారు. అమ్మాయిలు మైదానం విడిచి వెళ్ళిపోయారు, ఆట గంటకి పైగా ఆలస్యమైంది, నిర్వాహకులు క్షమాపణ చెప్పుకున్నారు. అది వాలంటీరు తప్పని నేననడం లేదు. కొరియా అంటే కొరియాయే కదా అనుకునే మనస్తత్వానికి అదో నమూనా. "పక్కనే" అనేవాడికి అది దగ్గరి చుట్టం.

దీనికి విరుగుడు ఖతార్‌లో కనిపించింది. దోహాలో సూక్ వాకిఫ్ బజారు దగ్గర ఓ కెన్యా కుర్రాడు ఎత్తయిన కుర్చీ మీద కూర్చుని, ఒక చేత్తో మైకు, మరో చేతికి పెద్ద స్పాంజి వేలు తొడుక్కుని, మెట్రో ఇటు, మెట్రో ఇటు అని రాగం తీసేవాడు. జనం కోరస్ కలిపారు. ఆ వీడియోలు లోకమంతా తిరిగాయి. చివరికి ఇంగ్లండ్, అమెరికా ఆడిన మ్యాచ్‌కి అతన్ని స్టేడియానికి పిలిచి మరీ మైకిచ్చారు. నిజానికి అతను వాలంటీరు కాదు, జీతానికి కుదిరిన మనిషి. నా వాదనకి అడ్డం వస్తుంది కదా అని ఆ సంగతి దాచను. కానీ అతని గొప్పతనం గమనించండి. తనకి తెలిసినది ఒక్కటే, ఆ ఒక్కటే చెప్పాడు. బస్సుల గురించి అభిప్రాయం చెప్పలేదు. అదే కుర్చీలో మనవాణ్ణి కూర్చోబెడితే, "మెట్రో ఎందుకండీ, రష్షు! ఇలా ఈ సందులోంచి పడి వెళ్తే..." అని మొదలుపెట్టేవాడు. ఆ సందు చివర ఎడారి.

మన రెండో జబ్బు కనపడాలనే ఆశ. లండన్ ఆరంభోత్సవంలో, జూలై 27 రాత్రి, మన జట్టు ముందు సుశీల్ కుమార్ జెండా పట్టుకుని నడుస్తుంటే పక్కన ఎర్ర చొక్కా, నీలం ప్యాంటులో ఓ అమ్మాయి నడిచింది గుర్తుందా? ఎవరీమె అని దేశమంతా తలకిందులైంది. తేలిందేమిటంటే, ఆమె బెంగళూరు నుంచి వెళ్ళి ఆ ఉత్సవంలో ప్రదర్శనకి ఎంపికైన బృందంలో మనిషి. ఉత్సాహం ఆపుకోలేకపోయిందని నిర్వాహకుల పెద్ద సెబాస్టియన్ కో సర్దిచెప్పాడు. ఆ అమ్మాయిని తిట్టడానికి నాకు నోరు రాదు. సొంత దేశం జెండా కళ్ళ ముందు నుంచి పోతుంటే కాళ్ళు ఆగడం కష్టమే. కానీ సుశీల్ కుమార్ వెనక నడిచిన ఆటగాళ్ళలో ఎంతమంది ముఖాలు మనకి గుర్తున్నాయి? ఒక్క మనిషి ముందుకి తిరిగినందుకు ఓ జట్టు మొత్తం వెనక్కి పోయింది. వెన్ను చూపడం విద్య అని నేనంటున్నది అందుకే.

ఇక అసలు అభ్యంతరం. ఇది ఉచిత చాకిరీ కాదా? 2019 నుంచి 2022 వరకు నాలుగేళ్ళలో ఫిఫా ఆదాయం సుమారు 757 కోట్ల డాలర్లు. అంత డబ్బున్న పెళ్ళికి వడ్డించేవాళ్ళు సొంత టిక్కెట్టు కొనుక్కుని రావాలా? ఈ ప్రశ్న న్యాయమైనది. దాన్ని నవ్వి తోసేయలేను. నా మటుకు ఇందులో "సేవ" అన్న మాట తీసేస్తే సగం గొడవ తీరుతుంది. తిరుమలలో చేసేది సేవ. ఇక్కడ చేసేది పని నేర్చుకోవడం. ఫీజు కట్టి నేర్చుకునే చదువుల్లో ఇదొకటి. ఇంజనీరింగ్ కాలేజీకి నాలుగేళ్ళు ఫీజు కట్టి ఏం నేర్చుకున్నావని ఎవరూ అడగరు గానీ పదిరోజుల క్యూ కాపలాకి మాత్రం లెక్కలు అడుగుతారు. ఇది వెట్టి అనేవాళ్ళతో మాత్రం నేను ఏకీభవించను. తెలంగాణ పల్లెల్లో వెట్టి చేసినవాడికి కాదనే హక్కు లేదు. వాలంటీరుకి ఆ హక్కు పుష్కలంగా ఉంది, వాడుకోవడం కూడా తెలుసు. 2016లో రియోలో 50 వేలమందిని తీసుకుంటే కొన్ని రోజులు ఎంతమంది వస్తారో తెలియక నిర్వాహకులు తల పట్టుకున్నారు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకి సిద్ధం చేసిన 22 వేలమందిలో దాదాపు 10 వేలమంది ఆటలు మొదలుకాకముందే తప్పుకున్నారని వార్తలొచ్చాయి. కొందరు యూనిఫాం మాత్రం భద్రంగా ఉంచుకున్నారు. ఇది కూడా వెన్ను చూపడమే గానీ, నేను చెబుతున్న రకం కాదు.

అయితే అప్పు చేసి మాత్రం వెళ్ళకూడదు. తండ్రి పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పార్కింగ్ దగ్గర చెయ్యి ఊపడానికి పోవడంలో ఏ విద్యా లేదు. అదృష్టవశాత్తూ మన పిల్లల్లో చాలామంది టిక్కెట్టు ఖర్చు ఇంకో కారణానికి ముందే పెట్టేసి ఉన్నారు. 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో 104 మ్యాచ్‌లు, 16 నగరాలు. వాలంటీర్లు 65 వేలమంది కావాలని ఫిఫా ప్రకటించింది. ఆ పదహారు వేదికల్లో డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, న్యూయార్క్-న్యూజెర్సీ ఉన్నాయి. అంటే తెలుగు విద్యార్థులు ఎమ్మెస్ చేస్తూ, గోంగూర ఎక్కడ దొరుకుతుందో కనిపెట్టేసిన ఊళ్ళకే ఆట నడిచి వస్తోంది. వీసా మీద ఉన్నవాళ్ళు జీతం లేని పనైనా చేయొచ్చో లేదో రూమ్మేటుని అడిగి తేల్చుకోకూడదు. యూనివర్సిటీలో అందుకో ఆఫీసు ఉంటుంది. రూమ్మేటు "ఏం పర్లేదు బ్రో" అంటాడు. ఇది "పక్కనే" అన్న మాటకి అమెరికా రూపం.

మరి ఇంత ఆరాటం సొంత ఊళ్ళో చూపొచ్చుగా, పుష్కరాలు లేవా, జాతరలు లేవా అంటారు. చూపాలి. హైదరాబాదులో 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు జరిగాయి. 2030లో కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాదుకి వస్తున్నాయి, చేతులు కావాలి. కానీ స్వస్థలంలో ఈ విద్య అబ్బడానికి ఒక అడ్డంకి ఉంది: చుట్టాలు. మన దగ్గర మెళ్ళో బ్యాడ్జి పడ్డ మరుక్షణం వాలంటీరు వాలంటీరుగా ఉండడు, సిఫార్సు అవుతాడు. "మావాళ్ళే, కాస్త లోపలికి పంపు బాబూ" అన్న మాట చెవిన పడగానే క్యూకి అడ్డం కట్టిన ఎంతటి తాడైనా పైకి లేస్తుంది. మేనమామ తోడల్లుడు క్యూలో ఉండగా తాడు కిందే ఉంచగలిగిన మగవాడు గానీ ఆడది గానీ మన జిల్లాల్లో ఇంకా పుట్టాలి. పరాయి దేశంలో ఆ భయం లేదు, క్యూలో ఎవరున్నా పరాయివాళ్ళే. డాలస్‌లో మాత్రం ఈ భరోసా ఇవ్వలేను.

కాబట్టి వెళ్ళదలచినవాళ్ళు ఫ్రెంచి పాఠాలు, ఆఫ్‌సైడ్ పాఠాలు పక్కన పెట్టి ఓ నెల ఇక్కడే సాధన చేయొచ్చు. మొదటివారం విజయవాడ బస్టాండులో నిలబడి, అడిగినవాళ్ళకి తెలిసినది మాత్రమే చెప్పాలి. తెలియనప్పుడు "తెలియదండీ, కనుక్కుని చెబుతాను" అని, నిజంగానే వెళ్ళి కనుక్కుని రావాలి. రెండోవారం సికింద్రాబాద్ స్టేషన్. అక్కడ "పక్కనే" అన్న మాట నోటి దాకా వస్తే మింగాలి. మూడోవారం ముహూర్తాలుంటే ఏదో ఒక పెళ్ళిలో వడ్డన, మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా, ఒక్క ఫోటోలో కూడా పడకుండా. చివరి పరీక్ష టీ కొట్టు దగ్గర పెట్టుకోవాలి. ఇండియా, పాకిస్తాన్ ఆడుతుండాలి. కొట్లో టీవీ, టీవీ ముందు ఊరు. అభ్యర్థి టీవీకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడాలి. చివరి ఓవర్, చివరి బంతి, కావలసింది ఆరు. బంతి లేచిందని ఎదురుగా ఉన్న ముఖాలన్నీ ఒక్కసారి పైకి లేచి చెబుతాయి. అప్పుడు తల తిప్పినవాడు మళ్ళీ మొదటివారం బస్టాండు నుంచి.